కార్డున్నవాడిదే బస్తా

2023 జులై 21, శుక్రవారం సాయంత్రం. డల్లాస్ శివారు ఇర్వింగ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ ముందు వరుసలో నిలబడి ఉన్నాను. ఎండ మన బెజవాడను తలపిస్తోంది. నా ముందు పాతిక మంది, వెనక అంతకు రెట్టింపు. అందరి చేతుల్లో ఫోన్లు, అన్నిట్లోనూ ఒకటే వార్త. బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని భారత ప్రభుత్వం ముందురోజే నిషేధించింది. కుటుంబానికి ఒక్క బస్తా మాత్రమే అని చేత్తో రాసిన కాగితం కొట్టు తలుపు మీద వేలాడుతోంది. మా అప్ప (మా ఖరగ్‌పూర్ ఇళ్లలో అక్కను అప్ప అనే పిలుస్తాం) ఇంకో కొట్టు ముందు ఉంది. బావ మూడో కొట్టుకు వెళ్లాడు. చుట్టపు చూపుగా వెళ్లిన నేను ఆ పూటకి వేరే కుటుంబం అయిపోయాను.

రాత్రి లెక్క చూసుకుంటే గరాజ్‌లో తొమ్మిది బస్తాలు తేలాయి. ఒక్కోటి 20 పౌండ్లు. మొత్తం 80 కిలోల పైమాటే. ఆ ఇంట్లో తినేది నలుగురు. పిల్లలిద్దరికీ అన్నం కంటే పాస్తా ఇష్టం. షుగరొచ్చిన దగ్గర్నుంచి బావ రాత్రిపూట చపాతీలకు మారాడు.

సాలువాలో ఉన్న అమ్మకు ఫోన్ చేసి సంగతి చెబితే ముందు నవ్వింది. తర్వాత, “ఏటిరా, అక్కడ కూడా కరువొచ్చిందా?” అని అడిగింది.

రాలేదు. ఆ మాట వరుసలో నిలబడ్డ అందరికీ తెలుసు. బాస్మతి మీద నిషేధం లేదు. ఉప్పుడు బియ్యం మీదా లేదు. థాయిలాండ్ బియ్యం, కాలిఫోర్నియా బియ్యం ఏ సూపర్ మార్కెట్లో చూసినా ఉన్నాయి. అంతకు ముందు ఆదివారమే అప్ప నన్ను కాస్ట్‌కోకు తీసుకెళ్లింది. అక్కడ బాస్మతి బస్తాలు మనిషెత్తు పేర్చి ఉండటం కళ్లారా చూశాను. కరువు బియ్యానికి కాదు, సోనామసూరికి. అది కూడా ముందు మనసులో పుట్టి, తర్వాత అల్మారాల్లోకి పాకింది. వారం తిరిగేసరికి కొన్నిచోట్ల బస్తా ధర రెట్టింపయింది.

కాస్ట్‌కో గురించి కొంత చెప్పాలి. అమెరికాలో కాపురం పెట్టిన తెలుగువాళ్ల ఆదివారాలు చాలావరకు అక్కడే గడుస్తాయి. గుడికి వెళ్లని వాళ్లున్నారేమో గానీ అక్కడికి వెళ్లని వాళ్లు నాకు కనబడలేదు. అది కొట్టులా ఉండదు, గోదాములా ఉంటుంది. సిమెంటు నేల, పైన ఇనుప దూలాలు, సరుకు వచ్చిన చెక్క పలకల మీదే అమ్మకం. పాలు గ్యాలన్లలో, గుడ్లు అయిదేసి డజన్ల అట్టల్లో, ఉల్లిపాయలు మూటల్లో దొరుకుతాయి. మామూలు సూపర్ మార్కెట్లో పాతిక ముప్పై వేల రకాల సరుకు ఉంటే ఇక్కడ 4 వేలకు మించదు. రకాలు తక్కువ కాబట్టి ఒక్కో రకాన్ని కొండంత కొంటారు, కొండంత కొంటారు కాబట్టి చౌకగా కొంటారు. ఆ చౌకలో చాలా భాగం కొనేవాడికే వదిలేస్తారు. కొన్న ధర మీద 14, 15 శాతానికి మించి వేసుకోకూడదన్నది ఆ కంపెనీ ఎన్నో ఏళ్లుగా పెట్టుకున్న నియమం. హాట్‌డాగ్, దానితో ఒక కూల్‌డ్రింకు కలిపి డాలరున్నర అన్న ధర 1980ల నుంచి మారలేదు.

మరి లాభం ఎక్కడిది? గుమ్మం దగ్గర చూపించే కార్డులో ఉంది. 2023 ఆర్థిక సంవత్సరంలో సభ్యత్వ రుసుముల కింద ఆ కంపెనీకి వచ్చింది 458 కోట్ల డాలర్లు. ఆ ఏటి నికర లాభం 629 కోట్ల డాలర్లు. అంటే పప్పూ ఉప్పూ అమ్మడం కంటే, పప్పూ ఉప్పూ కొనుక్కునే అర్హతను అమ్మడమే అసలు వ్యాపారం. 2024 సెప్టెంబరు 1 నుంచి ఆ అర్హత ఖరీదు ఏడాదికి 65 డాలర్లయింది.

అయితే కార్డొక్కటే చాలదు. ఊరి చివరి గోదాముకు వెళ్లడానికి కారుండాలి. కొన్నదంతా దాచడానికి గరాజ్, రెండో ఫ్రిజ్ ఉండాలి. అన్నింటికీ మించి, వచ్చే నెల తినబోయే తిండికి ఈ నెలే చెల్లించగల డబ్బుండాలి. అప్ప ఇంటి కింద గదిలో అద్దెకుండే కుర్రాడు అక్కడే మాస్టర్స్ చదువుకుంటున్నాడు, మన నల్గొండ అబ్బాయి. అతనికి ఈ నాలుగూ లేవు. నడిచి వెళ్లగలిగిన పెట్రోల్ బంకు కొట్లో పాలు చిన్న సీసాల్లో కొనుక్కుంటాడు, గ్యాలన్ లెక్కన చూస్తే అప్ప కంటే ఎక్కువ పెట్టి. నెలకోసారి అప్ప కార్డు మీద అతనికి కూడా సరుకు తెస్తుంది. కార్డు వేరేవాళ్లకు వాడకూడదని నిబంధన ఉందట. మనవాళ్లు నిబంధనను గౌరవిస్తూనే పక్కింటివాళ్లకు పాలు తెస్తారు.

ఈ పద్ధతికి మూలపురుషుడు సోల్ ప్రైస్ అనే శాన్ డియాగో వకీలు. 1976లో అక్కడ ఒకప్పటి విమానాల షెడ్డులో ఆయన తెరిచిన ప్రైస్ క్లబ్‌ను సభ్యత్వ గోదాములకు తొలిరూపంగా చెబుతారు. 1983లో సియాటిల్‌లో పుట్టిన కాస్ట్‌కో 1993లో దానితో కలిసింది. కానీ నన్ను ఆకట్టుకున్నది ఆయన అంతకుముందు చేసిన పని. 1954లో ఆయన పెట్టిన మొదటి కొట్టు పేరు ఫెడ్‌మార్ట్. ప్రభుత్వోద్యోగులకే అందులో ప్రవేశం. ఉద్యోగముంటే కార్డు, కార్డుంటే చౌక సరుకు.

అది చదవగానే నాకు మా నాన్నమ్మ గుర్తొచ్చింది.

ఖరగ్‌పూర్ తెలియని వాళ్లకు రెండు ముక్కలు. హౌరా నుంచి మద్రాసు వైపు వచ్చే రైలు బండికి తొలి పెద్ద జంక్షన్ ఇది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు తలపెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు కూలీలుగా, ఫిట్టర్లుగా, కమ్మరులుగా వచ్చి స్థిరపడ్డారు. మథురాకాటి, నింపురా వీధుల్లో తిరిగితే పాలకొండ సంతలో ఉన్నట్టే ఉంటుంది. ఊరికి దక్షిణంగా సాలువా. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం అక్కడే కాబట్టి వీధిలో నేపాలీ ఎక్కువ వినిపిస్తుంది. రిటైరైతే రైల్వే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కదా. నాన్న 2016లో అలా ఖాళీ చేసి సాలువా దారిలో రెండు గదులు వేసుకున్నాడు.

తాతయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. నాన్నమ్మ పదిహేనేళ్ల పిల్లగా 1941లో కాపురానికి వచ్చింది. మరుసటేడు రంగూన్ జపానువాళ్ల చేతిలో పడింది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఒక్కో రాష్ట్రం తన బియ్యం బయటికి పోకుండా గేటు మూసుకుంది. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని తుపాను ఊడ్చేసింది. ఆ డిసెంబరులో కలకత్తాలో మణుగు బియ్యం 13, 14 రూపాయలు. 1943 మార్చికి 21 అయింది. మే మూడో వారానికి 30 దాటింది. ఆగస్టు 20 నాటికి 37 రూపాయలు. కూలీ మాత్రం అలా పెరగలేదు. బియ్యం ఉన్నాయి, కొనే శక్తే కూలివాడి చేతిలోంచి జారిపోయిందని అమర్త్య సేన్ 1981లో ‘పావర్టీ అండ్ ఫామిన్స్’లో చూపించింది ఈ లెక్కలతోనే. దాచుకునేవాళ్లు దాచుకున్నారు, దానివల్ల ధర ఇంకా ఎక్కింది, అది చూసి మరికొందరు దాచుకున్నారు. చచ్చిపోయినవాళ్లు పదిహేను లక్షలని అప్పటి విచారణ సంఘం చెప్పింది. ముప్పై లక్షలుంటారని సేన్ లెక్క.

చచ్చిపోయినవాళ్లలో రైల్వే క్వార్టర్లవాళ్లు దాదాపు లేరు. యుద్ధం నడవాలంటే రైళ్లు నడవాలి, రైళ్లు నడవాలంటే ఫిట్టరు తినాలి. అందుకని రైల్వేలు తమ ఉద్యోగుల కోసం ధాన్యం కొట్లు తెరిచాయి. బజారు ధర ఎక్కడున్నా కార్డు చూపిస్తే రాయితీ ధరకి బియ్యం, పప్పు, నూనె ఇచ్చేవాళ్లు. యజమాని టోకున కొని పనివాడికి చౌకగా ఇవ్వడమన్నమాట. ఫెడ్‌మార్ట్‌కు పదేళ్ల ముందే ఆ పద్ధతి మా ఊళ్లో నడిచింది.

నాన్నమ్మ కరువు అనే మాట వాడేది కాదు. “ఆ యేడు” అనేది. ఆ యేడు ఊళ్లనుంచి జనం రైలు కట్ట పట్టుకుని నడిచొచ్చేవారట. బియ్యం అడిగేవారు కాదు, గంజి అడిగేవారు. బెంగాలీలో ఆమెకు మొదట పట్టుబడ్డ మాట ‘ఫ్యాన్’. ఫ్యాన్ అంటే గంజి. అన్నం వార్చిన గంజిలో ఉప్పేసి గుమ్మం పక్కన కుండలో పెట్టేది. అత్తగారు చూడకుండా అందులో గుప్పెడు మెతుకులు కలిపేది. ఒకామె రోజూ పిల్లతో వచ్చేదట. ఒకరోజు ఒక్కతే వచ్చింది. “పిల్లేదమ్మా అని అడగలేదురా నేను. గంజి పోసీసేను” అని చెప్పి ఊరుకునేది. మీకెందుకు తక్కువ కాలేదు నాన్నమ్మా అంటే, “మనకి కార్డున్నాది కదరా” అనేది. అందులో గర్వం ఉండేది కాదు. సిగ్గు ఉండేదా అంటే, ఆ వయసులో నాకు తెలియలేదు. 2006లో ఆమె పోయింది, అప్పటికి నాకు పదిహేడు.

ఆ కరువు ఇంకా తీరకముందే సాలువాలో రన్‌వే పనులు మొదలయ్యాయి. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల కట్టిన స్థావరాల నుంచే 1944 జూన్ 5న అమెరికన్ల బీ-29 విమానాలు తొలిసారిగా బాంబులు వెయ్యడానికి బ్యాంకాక్ వెళ్లాయి. ఊళ్లు ఖాళీ అవుతున్న జిల్లాలోనే పెట్రోలు, సిమెంటు, బాంబులు గుట్టలుగా చేరాయి. ఎవరి ముడిసరుకు ఎవరికి ముందు అందాలన్నది ఎప్పుడూ ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉంటారు. రాజనీతి శాస్త్రం రెండేళ్లు చదివి నేను నేర్చుకున్నది ఇంచుమించు ఇదే.

2023 జులైకి మళ్లీ వద్దాం. ఎన్నికల ఏడాది ముంచుకొస్తోంది, వానల తీరు బాగోలేదు, దేశంలో బియ్యం ధర పెరుగుతోంది. ప్రభుత్వం గేటు మూసింది. ఇంటివాళ్ల కంచం ముందు చూసుకోవడం తప్పని ఎలా అంటాం? కానీ ప్రపంచ బియ్యం వ్యాపారంలో ఇంచుమించు 40 శాతం మనది. అంత పెద్ద కొట్టు తలుపేసుకుంటే వీధంతా ఉలిక్కిపడుతుంది. ఆ నెల ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ బియ్యం ధరల సూచీ 2011 సెప్టెంబరు తర్వాత ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. అక్టోబరులో కేంద్రం ఏడు దేశాలకు మాత్రం మొత్తం 10.34 లక్షల టన్నులకు అనుమతిచ్చింది. నేపాల్, కామెరూన్, ఐవరీ కోస్ట్, గినీ, మలేసియా, ఫిలిప్పీన్స్, సీషెల్స్. దేశాలకు కూడా కార్డులుంటాయన్నమాట. ఆ జాబితాలో లేని దేశపు రేవులో బస్తా మోసే కూలివాడు ఏ వరుసలో నిలబడ్డాడో ఇర్వింగ్‌లో మాకెవరికీ తట్టలేదు. మా వరుసలో అందరికీ ఇంట్లో కనీసం ఒక బస్తా ఉందని పందెం కాస్తాను. నాకైతే అప్ప గరాజ్‌లో రెండున్నాయని తెలిసే నిలబడ్డాను.

అలాగని టోకు కొనుగోలు పాపమేమీ కాదు. నాన్న జీతం వచ్చిన వారంలో గోల్‌బజారు నుంచి నెల సరుకు రిక్షాలో వేయించుకుని వచ్చేవాడు. రేకు డబ్బాలో ఆవనూనె, గోనెసంచిలో బియ్యం, కాగితం పొట్లాల్లో పప్పులు. నెలజీతగాడి ఇల్లు అలాగే నడుస్తుంది. తేడా ఏమిటంటే ఆ సరుకులో సగం అప్పు. జీతం ఆలస్యమైనా షావుకారు ఇచ్చేవాడు, పుస్తకంలో రాసుకునేవాడు. కాస్ట్‌కో డబ్బు ముందు తీసుకుని సరుకు తర్వాత ఇస్తుంది, పైగా గుమ్మం దాటడానికి రుసుము. షావుకారు సరుకు ముందిచ్చి డబ్బు తర్వాత తీసుకునేవాడు. ఆ వాయిదాకి అతను ధరలో ఎంత కలుపుకున్నాడో మాకు తెలియదు. కలుపుకునే ఉంటాడు. షావుకార్ల మీద నాకేం భ్రమల్లేవు.

ఇప్పుడు సాలువాలో మా పక్కింటాయన గూర్ఖా రెజిమెంటులో చేసి రిటైరయ్యాడు. ఆయనకు సైన్యం క్యాంటీన్ కార్డుంది. అక్కడి సరుకుకు జీఎస్టీలో సగం మాఫీ. సబ్బులు, టీపొడి, ప్రెషర్ కుక్కరు, ఇంకా ఆయన సాయంత్రాలకు కావలసినవి అన్నీ అక్కడి నుంచే వస్తాయి. అమ్మకు టీపొడి ఆయన కార్డు మీదే. ఇర్వింగ్‌లో నల్గొండ కుర్రాడికి అప్ప ఎలాగో, సాలువాలో అమ్మకు ఈయన అలా.

మలుపులో ఉన్న కిరాణా కొట్టుకు సాయంత్రం ఆరు తర్వాత వెళ్తే ఇంకో ప్రపంచం. టోటో నడిపేవాళ్లు, తాపీ పనివాళ్లు ఆ రోజు డబ్బు ఆ రోజు తెచ్చి అరకిలో బియ్యం, చిన్న సీసా ఆవనూనె, రెండు రూపాయల షాంపూ పొట్లం, నాలుగు గుడ్లు కొంటారు. టోకుకు తగ్గే ప్రతి పైసా వీళ్ల దగ్గర చిల్లరకు పెరుగుతుంది. వీళ్లకు నెల సరుకు ఒకేసారి కొనుక్కునే తెలివి లేదని మా బంధువొకాయన అంటుంటాడు. తెలివికేం లోటు లేదు. నెల డబ్బు ఒకేసారి చేతికి రాదు, అంతే. వీళ్లకున్న టోకు బేరం ఒకటే, రేషన్ కార్డు. 1965లో పెట్టిన ఆహార సంస్థ దేశంలోకెల్లా పెద్ద కొనుగోలుదారు. అది లారీల లెక్కన కొన్నది కిలోల లెక్కన ఇంటికి చేరుతుంది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలన్నప్పుడు ముక్కున వేలేసుకున్న ఆర్థికవేత్తలు చాలామంది. 2023 జనవరి నుంచి దేశంలో 80 కోట్ల మందికి మనిషికి నెలకు అయిదు కిలోలు పూర్తిగా ఉచితం. కారు అక్కర్లేదు, గరాజ్ అక్కర్లేదు, ముందు డబ్బు అక్కర్లేదు. తూకంలో మోసం, బియ్యంలో రాళ్లు, వేలిముద్ర పడని ముసలివాళ్లు ఉన్నారు, కాదనను. వాటి మీద ఇదివరకు రాశాను, మళ్లీ రాస్తాను. కానీ గోదాము చవకని గరాజ్ లేనివాడి దాకా మోసుకొచ్చిన ఏర్పాటు మన దగ్గర ఇదొక్కటే కనబడుతోంది.

నిషేధం 2024 సెప్టెంబరు 28న ఎత్తేశారు. టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టి, అక్టోబరులో దాన్ని కూడా తీసేశారు. ఆ వార్త వచ్చిన ఆదివారం నేను సాలువాలోనే ఉన్నాను. అప్ప వీడియో కాల్ చేసింది. కొట్లలో సోనామసూరి మళ్లీ దొరకడం మొదలైన దగ్గర్నుంచి బావ కొత్త బియ్యమే తెస్తున్నాడట. గరాజ్‌లో పాతవి నాలుగు బస్తాలు మిగిలాయి. రెండు వేసవుల టెక్సస్ వేడికి అన్నిట్లోనూ పురుగు పట్టింది. ఫోను బస్తాలోకి తిప్పి చూపించింది.

“పారేస్తాను మా. ఇక్కడ ఇలాంటివి ఎవరూ తీసుకోరు” అంది.

అమ్మ మాట్లాడలేదు. వంటింట్లో నాన్నమ్మ నాటి రేకు డ్రమ్ము ఇప్పటికీ ఉంది. అందులో ఎండుమిరపకాయలు, వేపాకు వేసి రేషన్ బియ్యం పోస్తుంది. గంజి ఇప్పటికీ తూములో పొయ్యదు, పక్కింటి ఆవుకి పెడుతుంది. కాసేపాగి, “ఎండ ఉన్నాదా అక్కడ?” అని అడిగింది.

“ఎండకేం, మాడిపోతోంది.”

“అయితే దుప్పటి పరిచి పొయ్యి. మజ్జాన్నం చెరిగీసి, మూడెండలయ్యాక డబ్బాలో మిరపకాయలు వేసి ఉంచు. ఆ కిందింటబ్బాయికి సగం ఇయ్యి.”

మూడు రోజుల తర్వాత బావ ఫొటో పంపాడు. గరాజ్ ముందు కార్లు నిలిపే చోట రెండు దుప్పట్లు, వాటి మీద పలచగా పరిచిన బియ్యం. పక్కన అప్ప, నల్గొండ కుర్రాడు గొంతుక్కూర్చుని ఏరుతున్నారు. వెనకాల కుక్కను తిప్పుతున్న ఒక అమెరికన్ పెద్దాయన ఆగి చూస్తున్నాడు. అవేమిటని అడిగాడట. బియ్యం అని చెప్పారట. అంత బియ్యం ఎందుకు కొన్నారని అడిగితే ఏం చెప్పారన్నది మాత్రం బావ రాయలేదు.